గండాహతి ఫోటోలో లేని పిల్ల

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చింతపండు, జీడిపిక్కల వ్యాపారం. అబ్బాయికి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉద్యోగం. ప్రతి ఆదివారం మా భోజనాల వేళకు వీడియోకాల్ చేస్తాడు. ఈమధ్య అక్కడి ఆదివాసీలకు ఆ దేశం చేసిన అన్యాయం గురించి, తల్లుల దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుపోవడం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో నాలుగేళ్లుగా గుమ్మ వైపు సవర ఆదివాసీ పిల్ల ఒకతి పనికి ఉంటోంది. 12 ఏళ్లప్పుడు వాళ్ల నాన్నే తెచ్చి అప్పగించాడు. మా ఇంటి పిల్లలాంటిదే. దాని జీతం నెలకు 1,500 నా పేరున చీటీ కడుతున్నాను, పెళ్లికి బంగారం కొందామని. అన్నయ్య మాటలు విన్న దగ్గర్నుంచి ప్లస్ టూ చదివే మా అమ్మాయి, ఆ పిల్లను బల్ల దగ్గర కూర్చోబెడితేనే అన్నం తింటానంటోంది. అత్తగారు ఒప్పుకోరు. అబ్బాయి ఎక్కువ చేసి చెబుతున్నాడని మావారు కేకలు వేస్తారు, ఆయనకు బీపీ. ఆదివారం వస్తోందంటేనే టెన్షన్. ఈ విషయాలు ఎత్తొద్దని కొడుకును నొప్పించకుండా ఎలా చెప్పాలి? మా కుటుంబం ఎంత అన్యోన్యమో మీకు తెలియాలని, గండాహతి జలపాతం దగ్గర దిగిన ఫోటో పంపుతున్నాను.

జవాబు: చెప్పొద్దమ్మా. మీ అబ్బాయిని మాట్లాడనివ్వండి. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు.

మీరు పంపిన ఫోటో చాలాసేపు చూశాను. ఎనిమిది మంది ఉన్నారు. వెనక నీళ్లు, మీ అత్తగారు రాతి మీద కూర్చున్నారు. ఎడమ అంచున ఒక చెయ్యి కనిపిస్తోంది, మోచేతి దాకానే. నాలుగు గిన్నెల క్యారియర్ పట్టుకుని ఉంది. మణికట్టుకు ఒకే ఒక్క గాజు. ఆ చెయ్యి ఎవరిదో మీరు రాయలేదు, నేనూ అడగక్కర్లేదు.

మీ అబ్బాయి ఎక్కువ చేసి చెప్పడం లేదు. 1910 నుంచి 1970 వరకు ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లల్లో పదిమందికి ఒకరు మొదలుకొని ముగ్గురికి ఒకరి దాకా, ఒక్కో చోట ఒక్కో తీరున, ఇంటికి దూరమయ్యారని 1997లో అధికారిక విచారణే తేల్చింది. 2008 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పారు. న్యూసౌత్ వేల్స్‌లో కూటమండ్రా అనే ఊళ్లో ఆదివాసీ ఆడపిల్లల కోసం ఒక హోమ్ ఉండేది. ఇంటిపని నేర్పి, 14 ఏళ్లు వచ్చేసరికి తెల్లవాళ్ల ఇళ్లకు పనికి పంపేవారు. జీతంలో చేతిఖర్చుకు కొంచెం ఇచ్చి మిగతాది ఆదివాసీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ బోర్డు వాళ్లు 'నీ మంచికే, దాచి పెడతాం' అని తమ దగ్గరే ఉంచుకునేవారు. చాలామందికి ఆ డబ్బు చేతికి రానే లేదు. మీ అబ్బాయి ఉండే క్వీన్స్‌లాండ్‌లో కూడా ఇలాగే జీతాలు పట్టుకున్నారు. ఆ కేసులో అక్కడి ప్రభుత్వం 2019లో 19 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అప్పటికి ఆ పని చేసినవాళ్లలో ఎంతోమంది పోయారు.

ఇది చదివాక మీ ఉత్తరంలో చీటీ గురించి రాసిన వాక్యం మళ్లీ ఒకసారి చదువుకోండి.

'మనం ఎవర్నీ ఎత్తుకురాలేదు, వాళ్ల నాన్నే అప్పగించాడు' అని మీవారు అంటారని నాకు తెలుసు. నిజమే, ఆ తేడా చిన్నదేం కాదు. కానీ 14 ఏళ్లలోపు పిల్లను ఇంటిపనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి మన దేశంలో నిషేధం. మీరు పెట్టుకున్నప్పుడు ఆమెకు 12. పద్దెనిమిది నిండని పిల్లను పనిలో పెట్టుకుని సంపాదన చేతికివ్వకుండా ఆపితే 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. ప్రేమగా చూసుకుంటున్నామన్న ధైర్యంతో మీరు దీన్ని తప్పు అనుకోవడం మానేశారు, అందుకు రాస్తున్నాను.

మీ ఇంట్లో తగవు మీకూ కొడుక్కూ మధ్య లేదు. అత్తగారితోనూ లేదు. మీకూ ఆ పిల్లకూ మధ్య ఉంది. ఆమె మీతో తగవు పడలేదు కాబట్టి మీకు కనిపించలేదు.

మా అమ్మమ్మగారింట్లో ఒకావిడ ఉండేది. చిన్నప్పుడే వచ్చి, పెద్దదై నాకు జడలు వేసే దాకా అక్కడే ఉంది. ఆమె జీతమూ పెళ్లికని దాచారు. తాతయ్య పోయాక ఆ లెక్క ఎవరికీ తెలియలేదు. వెళ్లేరోజు రెండు చీరలు పెట్టారు. వాటిని మడత విప్పకుండా అరుగు మీద పెట్టేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. నాకప్పుడు పదేళ్లు. ఎందుకలా చేసిందని అమ్మను అడిగితే 'పొగరు' అంది. కాదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. కష్టపడిన మనిషికి నెల తిరిగేసరికి తన డబ్బు తన చేతిలో పడాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

మీది పర్లాకిమిడి కాబట్టి మరో మాట. మీ ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో పుస్తకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. వందేళ్లకు పైగా అయింది. నాలుగేళ్లుగా మీ ఇంట్లోనే ఉన్న పిల్ల దగ్గర మీరు నేర్చుకున్న సవర మాటలు ఎన్ని? తలనొప్పిగా ఉంటే, అమ్మ మీద బెంగ పెట్టుకుంటే ఆ పిల్ల ఏ భాషలో చెప్పుకుంటుంది?

బల్ల సంగతి. మీ అమ్మాయి మనసు మంచిది. కానీ ఆ పిల్లను లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి ఇంటిల్లిపాదీ ఆమె వంకే చూస్తుంటే ముద్ద దిగదు. ఎక్కడ తింటావు, ఎప్పుడు తింటావు అని ముందు ఆమెనే అడగమనండి. మీరంతా తిన్నాక మిగిలిందే ఆమెకు పెట్టడం మాత్రం ఈ పూట నుంచే మానేయండి. అత్తగారికి మడి ఉంటే ఆవిడకు వేరే వడ్డించండి, పెద్దావిడతో వాదన వద్దు.

ఇక లెక్క. నెలకు 1,500 చొప్పున 48 నెలలకు 72 వేలు. ఆ 1,500 మీరు అనుకున్న రేటే. పొద్దున పాచిపని నుంచి రాత్రి వంటిల్లు కడిగేదాకా చేసే మనిషికి మీ వీధిలో ఎంతిస్తారో కనుక్కుని లెక్క మళ్లీ వేయండి. చీటీ మీ పేరున వద్దు. వాళ్లమ్మను పిలిపించి, ఆ పిల్ల పేరున బ్యాంకులో ఖాతా తెరిపించండి, పాస్‌బుక్ ఆమె దగ్గరే ఉంచండి. పెళ్లికి బంగారం కొనాలో, చదువుకోవాలో ఆమె ఇష్టం. 14 నిండితే ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయొచ్చు. మీ అమ్మాయి కూర్చుని చదువు చెప్పగలదు. ఇంటికి వెళ్లిపోతానంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆపొద్దు.

వచ్చే ఆదివారం ఫోన్ మోగేసరికి మీరు ఇంట్లో ఉండకండి. పొద్దున్నే ఆ పిల్లను తీసుకుని గుమ్మ వైపు బస్సెక్కండి. క్యారియర్ మీరు పట్టుకోండి. లెక్క రాసిన కాగితం వాళ్లమ్మ ముందు పెట్టి, వాళ్లిద్దరూ మాట్లాడుకునేంతసేపు మీరు బయట కూర్చోండి.