"ఎంత పని చేశారు!" అంటే మెచ్చుకోలు కాదండీ

మీ ప్రశ్న చదివి కాసేపు నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. ఇండోర్ నుంచి తెనాలి వచ్చిన అల్లుడు భోజనాలయ్యాక గిన్నెలన్నీ తోమి బోర్లించేసరికి అత్తగారు "అయ్యో, ఎంత పని చేశారు అల్లుడుగారూ!" అన్నారు. మీరేమో మెచ్చుకున్నారనుకుని "రేపు కూడా చేస్తా" అన్నారు. ఇల్లంతా నవ్వింది. పని అంటే హిందీలో కామ్ అనే కదా, మరి ఎక్కడ తేడా కొట్టింది అని అడిగారు.

తేడా "ఎంత" దగ్గర వచ్చింది. అక్కడ అది కొలత చెప్పడం లేదు. "ఎంత పని చేశావ్" అంటే చేయకూడనిది చేశావని. గాజు గ్లాసు పగలగొట్టిన పిల్లాణ్ణీ అంటారు, చెప్పాపెట్టకుండా పెళ్లి చేసుకుని గుమ్మంలో నిలబడ్డ కొడుకునీ అంటారు. మీ అత్తగారిది కోపం కాదులెండి, మొహమాటం. అల్లుడి చేత అంట్లు తోమించారని పక్కింట్లో తెలిస్తే ఆవిడకి తలవంపులు. నిజంగా మెచ్చుకోవాలంటే "చాలా పని చేశారు" అనో, "మంచి పని చేశారు" అనో ఉండేవారు. ఈ రెండోదాంతోనూ జాగ్రత్త. "మంచి పనైంది" అంటే మాత్రం తగిన శాస్తి జరిగిందని.

నేను గుంటూరు వైపు సైట్ ఇంజనీర్‌ని. ఈ మాట వల్ల నాకు డబ్బు నష్టం కూడా జరిగింది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. ఒకసారి మా దగ్గర భోపాల్ కుర్రాడు కొత్తగా చేరాడు. తెలుగు అప్పుడప్పుడే కూడబలుక్కుంటున్నాడు. స్లాబ్ పోయడానికి ముందురోజు సాయంత్రం మేస్త్రి అతనికి ఫోన్ చేసి "సార్, మిక్సర్ పనైపోయింది" అన్నాడు. వీడు "వెరీ గుడ్" అని ఫోన్ పెట్టేసి సినిమాకి వెళ్లిపోయాడు. తెల్లారేసరికి పాతికమంది కూలీలు వచ్చి నిలబడ్డారు, మిక్సర్ మాత్రం కదల్లేదు. మేస్త్రి చెప్పింది అది చెడిపోయిందని. వీడికి వినబడింది దాని పని పూర్తయిందని. "మిక్సర్‌తో పనైపోయింది" అని ఉంటే వీడు అనుకున్నదే కరెక్టు. ఆ ఒక్క "తో" లేకపోవడంతో పాతికమందికీ సగం రోజు కూలి ఊరికే ఇచ్చాం.

మనుషుల విషయంలోనూ అంతే. "ఆయన పనైపోయింది" అంటే ఎన్నికల్లో ఓడి మళ్లీ లేవలేడనో, వ్యాపారంలో మునిగాడనో, ఆస్పత్రిలో ఇక ఆశ లేదనో, సందర్భాన్ని బట్టి. హిందీలో "కామ్ తమామ్" అంటారు చూడండీ, దానికి దగ్గర. "కామ్ ఆనా" అంటే పనికి రావడం, "అప్‌నే కామ్ సే కామ్ రఖో" అంటే నీ పని నువ్వు చూసుకో. ఇలాంటివి మీకు ఉచితంగా వచ్చేసినట్టే. కేరళవాళ్ల "పణి" మన మాటకి తోబుట్టువే. మా సైట్‌లో ఉన్న మలయాళీ ఫోర్‌మన్ "పణి కిట్టి" అంటే పని దొరికిందని సంబరపడుతున్నాడనుకున్నాను. ఇరుక్కుపోయాను అని గొల్లుమంటున్నాడట.

ఇక నా సొంత నిర్వాకం. "వాడు పనికి రాడు" అంటే ఇవాళ డ్యూటీకి రాడు. "వాడు పనికిరాడు" అంటే ఎందుకూ కొరగాడు. నోటితో చెప్పేటప్పుడు సందర్భం కాపాడుతుంది, రాతలో ఆ చిన్న ఖాళీయే దిక్కు. ఓ రాత్రి సైట్ వాట్సాప్ గ్రూపులో పేర్లు పెట్టి మరీ "రేపు ఈ ఇద్దరు పనికిరారు" అని కలిపి కొట్టి పడుకున్నాను. పొద్దున్నే అందులో పెద్దాయన ఫోన్: "ఏం సార్, పద్దెనిమిదేళ్లు చేయించుకున్నాక ఇప్పుడు పనికిరాకుండా పోయామా?" ఆయన మనవరాలి పెళ్లి అని సెలవు ఇచ్చింది నేనే. చాలాసేపు బతిమాలుకోవాల్సి వచ్చింది.

విభక్తి మారితే అర్థం ఎలా తిరగబడుతుందో ఇంకో జత చూడండి. "నీకు పని చెప్తా" అంటే నీకో పని అప్పగిస్తానని. "నీ పని చెప్తా" అంటే బెదిరింపు, "నీ పని పడతా" అన్నట్టే. మీ బావమరిది రెండోది నవ్వుతూ అంటే పర్లేదు.

మీరు అడగలేదు కానీ, అత్తగారింట్లో దీనికన్నా ముఖ్యమైనది ఒకటుంది. "పనిచేయడం"లో చిన్నతనం లేదు. కలెక్టర్‌గా పనిచేశారు, హెడ్‌మాస్టర్‌గా పనిచేశారు అని గౌరవంగానే అంటాం. కానీ "పనికి పోతున్నాడు" అంటే రోజుకూలి అని అర్థం. తెలంగాణలో దాన్నే "కైకిలి పోవుడు" అనడం విన్నాను. అందుకే పెళ్లిచూపుల్లో "అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అంటారు గానీ "ఏం పని చేస్తుంటాడు?" అనరు. ఆ ఒక్క మాట చేరితే అబ్బాయి హోదా రెండు మెట్లు దిగిపోతుంది. బ్యాంకులో చేసే మీ మామగారి గురించి "పనికి వెళ్లారు" అని ఎవరితోనూ అనకండి, "ఆఫీసుకి వెళ్లారు" అనండి. ఇళ్లు కట్టేవాళ్లు పనికి పోతారట, గదిలో కూర్చుని బొమ్మలు గీసే నాలాంటివాడు ఉద్యోగం చేస్తాడట. నాకు ఈ తేడా నచ్చదు, కానీ భాషలో ఉంది.

పల్లెటూళ్లో "పనులు పెట్టారా?" అని బహువచనంలో అడిగితే అది ఇంటిపని గురించి కాదు, ప్రభుత్వం మట్టిపనులు మొదలుపెట్టిందా అని. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకం మొదలుపెట్టారు. కాగితాల మీద దాని పేరు ఎంత పొడుగ్గా ఉన్నా, మా అమ్మమ్మగారి ఊళ్లో అందరూ అన్నది "కరువు పని". చెరువు నిండి అలుగు పారిన ఏడాది కూడా కరువు పనికే వెళ్లారు.

నగల షాపులో "దీంట్లో పని ఎక్కువండీ" అంటే చెక్కడం సన్నంగా ఉందని, మజూరీ గట్టిగా వేస్తారని కూడా. పనితనం అనే మంచి మాట అక్కడి నుంచే మీకు అర్థమవుతుంది. జాకెట్ల మీద అయితే ఇప్పుడు మగ్గం పని అనేవాళ్లు తగ్గి మగ్గం వర్క్ అయిపోయింది. కలంకారీలో "కారీ" పారసీలో పని అనే. అంటే మనం "కలంకారీ వర్క్" అన్నప్పుడు పనిని రెండుసార్లు చెబుతున్నాం.

మిగతావి గబగబా చెప్పేస్తాను. పనిగట్టుకుని అంటే కావాలని, మరీ శ్రమపడి. అదే పనిగా అంటే ఆపకుండా. వాన అదే పనిగా కురుస్తుంది, వానకి వేరే పనేమీ లేనట్టు. "భయపడాల్సిన పని లేదు" అంటే అవసరం లేదు. "మీరు వచ్చే పనైతే ఫోన్ చేయండి" అంటే వచ్చేట్టయితే. "ఓ పని చేద్దాం" అన్నారంటే చీపురు అందుకోకండి, ఆయనకి ఏదో ఐడియా వచ్చింది.

మా మేస్త్రులకి ఇష్టమైన సామెత: పనిమంతుడు పందిరేస్తే కుక్క తోక తగిలి కూలిందట. వేరే మేస్త్రి కట్టిన గోడ చూసినప్పుడల్లా వాడతారు. పనిలేనివాడు పిల్లి తల గొరిగాడనే ఇంకోటి కూడా వింటారు. అందులో ఒక కులవృత్తి పేరు చేర్చి చెబుతుంటారు, అది మీ నోట రానివ్వకండి.

"పనిలో పని" అంటే ఒక పని మీద ఉండగా ఇంకోటి కూడా కానిచ్చేయడం. ఇది మీకు వెంటనే అక్కరకొస్తుంది. ఈసారి అత్తగారు "ఎంత పని చేశారు" అంటే "చేతులు ఎలాగూ తడిశాయి అత్తయ్యగారూ, పనిలో పని కాఫీ గ్లాసులు కూడా ఇచ్చేయండి" అనండి. ఆవిడేమన్నారో ఇక్కడ రాయండి, అర్థం నేను చెబుతాను.