టెక్ సందేహాలు: నెట్‌వర్క్‌ను గమనించడానికి ఏ ఉచిత సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి?

సందేహం: బెంగళూరు మారతహళ్ళిలో మా బాబాయి నడుపుతున్న పీజీ హాస్టల్‌లో వైఫై బాగోగులు నేనే చూస్తున్నాను. నాలుగు అంతస్తులు, దాదాపు తొంభై మంది ఉంటారు. రాత్రి తొమ్మిది దాటితే వీడియో కాల్స్ ఆగి ఆగి వస్తున్నాయని రోజూ ఫిర్యాదే. కనెక్షన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే తమ వైపు అంతా సరిగ్గా ఉందంటారు. ఒక పాత ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంది. నాగియోస్, జాబిక్స్, పీఆర్‌టీజీ, వీటిలో దేన్ని పెట్టుకోమంటారు?

సమాధానం: మీరు చెప్పిన మూడూ పేరున్న సాధనాలే. అయితే మీ హాస్టల్‌కు ముందుగా కావలసింది వాటిలో ఏదీ కాదని నా అభిప్రాయం. నెట్‌వర్క్‌ను గమనించడమంటే నిజానికి నాలుగు వేర్వేరు పనులు: పరికరం పనిచేస్తోందో లేదో చూడడం, లైన్ ఎంత నిండిందో కొలవడం, నింపుతున్నది ఎవరో తెలుసుకోవడం, చివరగా ఒక్కొక్క ప్యాకెట్‌ను (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా ముక్కను) విప్పి చూడడం. ఒక పనికి పుట్టిన సాఫ్ట్‌వేర్‌ను మరో పనికి వాడబోతే వారాల తరబడి సెట్టింగులతోనే సరిపోతుంది. మీరు తేల్చుకోవలసింది ఒక్కటే: రాత్రి తొమ్మిదికి లోపం మీ భవనంలో ఉందా, కంపెనీ లైన్‌లో ఉందా? దీనికి సూటిగా జవాబిచ్చేది స్మోక్‌పింగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్.

లైన్ వాడకాన్ని గ్రాఫుగా గీసే, 1995 నాటి ఎంఆర్‌టీజీని రూపొందించిన టోబియాస్ ఓటికరే దీన్నీ రాశారు. మీరు ఇచ్చిన ప్రతి చిరునామాకూ ఐదు నిమిషాలకు ఒకసారి ఇరవై పింగ్‌లు (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పరీక్షా సందేశాలు) పంపి, జవాబులు రావడానికి పట్టిన సమయాన్నీ, రాకుండా పోయినవాటి లెక్కనూ ఇది గ్రాఫుగా గీస్తుంది. ఆ ఇరవై జవాబుల మధ్య తేడా ఎంత ఉందన్నది గీత చుట్టూ పొగలాంటి బూడిదరంగు నీడగా కనిపిస్తుంది. వీడియో కాల్‌ను చెడగొట్టేది చాలాసార్లు ఈ తేడాయే కాబట్టి, సగటు సంఖ్య మాత్రమే చూపే సాధనాల కంటే ఇది మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ లేదా ఉబుంటు లినక్స్ వేస్తే స్మోక్‌పింగ్ వాటి ప్యాకేజీల్లోనే దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌ను తప్పనిసరిగా కేబుల్‌తోనే రూటర్‌కు కలపండి. వైఫైతో కలిపితే వైఫై లోపాలన్నీ లైన్ లోపాలుగా కనిపిస్తాయి. మూత మూసినా నిద్రలోకి పోకుండా సెట్టింగ్ మార్చండి. కరెంటు పోయినప్పుడు దాని బ్యాటరీయే దానికి యూపీఎస్ అవుతుంది, కానీ ఆ బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం తీసేయించిన తర్వాతే వాడండి.

దానికి మూడు చిరునామాలు ఇవ్వండి. మొదటిది మీ రూటర్. రెండోది, ట్రేస్‌రూట్ (డేటా వెళ్ళే దారిలోని మజిలీలను చూపే ఆదేశం) నడిపినప్పుడు మీ రూటర్ తర్వాత కనిపించే, కంపెనీకి చెందిన మొదటి చిరునామా. మూడోది 8.8.8.8 లేదా 1.1.1.1 వంటి బయటి చిరునామా. వారం తర్వాత మూడు గ్రాఫులనూ ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. మొదటి దానిలోనే పింగ్‌లు పోతుంటే లోపం మీ కేబుల్‌లోనో స్విచ్‌లోనో రూటర్‌లోనో ఉంది. మొదటిది శుభ్రంగా ఉండి రెండోదీ మూడోదీ ఒకే సమయంలో చెడుతుంటే సమస్య మీ భవనానికి వచ్చే లైన్ దగ్గర ఉంది. మొదటి రెండూ బాగుండి మూడోది మాత్రమే చెడితే అది కంపెనీ నెట్‌వర్క్‌లో ఇంకా పైన ఎక్కడో ఉంది. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. కంపెనీల రూటర్లు తమకు వచ్చిన పింగ్‌లకు జవాబివ్వడాన్ని తక్కువ ప్రాధాన్యం గల పనిగా చూస్తాయి కాబట్టి, రెండోదానిలో పింగ్‌లు పోతున్నట్లు కనిపించి మూడోది శుభ్రంగా ఉంటే అది లోపం కానే కాదు. దాన్ని పట్టుకుని ఫిర్యాదు చేస్తే మీ మాట చెల్లదు.

మూడు గ్రాఫులూ బాగుండి ఫిర్యాదులు మాత్రం ఆగకపోతే అనుమానించవలసింది మీ వైఫైనే. పక్కపక్కనే భవనాలు ఉన్న మారతహళ్ళిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ ఎంత కిక్కిరిసి ఉంటుందో ఊహించవచ్చు. ఆ బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్ళు 1, 6, 11 మాత్రమే.

లైన్‌దే సమస్య అని తేలినా, ఒక లెక్క మిగిలే ఉంటుంది. ఆ సమయంలో లైన్ నిండిపోయిందా? లైన్ నిండినప్పుడు డేటా రూటర్‌లో బారులు తీరుతుంది, పింగ్ సమయం పది రెట్లు పెరిగినా ఆశ్చర్యం లేదు. అది కంపెనీ తప్పు కాదు. ఎక్కువ వేగం గల ప్లాన్ తీసుకునే ముందు, ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నడిచే రూటర్‌లో ఎస్‌క్యూఎం (డేటా బారులను అదుపు చేసే సదుపాయం) ఆన్ చేసి చూడండి. ఒకరి డౌన్‌లోడ్ మరొకరి కాల్‌ను తొక్కేయకుండా అది చూసుకుంటుంది. లైన్ సగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా పింగ్‌లు పోతుంటే మాత్రం తేదీ, సమయంతో సహా పింగ్ గ్రాఫునూ, లైన్ ఎంత నిండిందో చూపే గ్రాఫునూ కంపెనీకి పంపండి. వారు కాదనలేని రుజువు అదే.

లైన్ ఎంత నిండిందో చూపడానికి లిబ్రే ఎన్‌ఎంఎస్ చాలు. 2013లో అబ్జర్వియమ్ అనే మరో సాధనం నుంచి విడివడి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, పరికరాల సంఖ్యకు పరిమితి లేదు. ఇది ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాలను వాటి లెక్కలు అడిగే ప్రామాణిక పద్ధతి) ద్వారా రూటర్‌నూ స్విచ్‌నూ అడిగి లెక్కలు తెచ్చుకుంటుంది. కాబట్టి ముందు మీ పరికరాలకు ఎస్‌ఎన్‌ఎంపీ ఉందో లేదో చూడండి. కంపెనీలు ఉచితంగా ఇచ్చే రూటర్లలో చాలావాటికి అది ఉండదు, మామూలు చౌక స్విచ్‌లకు అసలే ఉండదు. ఉన్నచోట వెర్షన్ 1 కాక వెర్షన్ 2సి లేదా 3 ఎంచుకోండి. కారణం ఉంది: వెర్షన్ 1లోని 32 బిట్ల కౌంటర్ సుమారు 430 కోట్ల బైట్ల దగ్గర మళ్ళీ సున్నాకు వస్తుంది. ఒక గిగాబిట్ లైన్ నిండుగా నడిస్తే ఇది 34 సెకన్లకే జరుగుతుంది, లిబ్రే ఎన్‌ఎంఎస్ అడిగేదేమో ఐదు నిమిషాలకు ఒకసారి. అంటే గ్రాఫు అందంగానే ఉంటుంది, అంకెలు మాత్రం తప్పు. 2సి నుంచి 64 బిట్ల కౌంటర్లు ఉన్నాయి.

లైన్ పడిపోతే ఫోన్‌కు సందేశం రావాలని మీరు తప్పక కోరుకుంటారు. లైనే పోయినప్పుడు లోపల ఉన్న ల్యాప్‌టాప్ ఆ సందేశాన్ని పంపలేదు. బయటి నుంచి పింగ్ చేద్దామంటే, ఒకే పబ్లిక్ చిరునామాను అనేక మంది కస్టమర్లకు పంచే కంపెనీ అయితే మీ రూటర్‌ను బయటివారు చేరలేరు. అందుకే దారి తిప్పాలి: లోపలి ల్యాప్‌టాప్ నిమిషానికి ఒకసారి బయటి సర్వర్‌కు క్షేమ సమాచారం పంపాలి, అది ఆగిపోతే ఆ సర్వర్ మీకు తెలియజేయాలి. ఆ బయటి సర్వర్‌లో నడిపే అప్‌టైమ్ కుమా అనే సాఫ్ట్‌వేర్‌లో పుష్ అనే మానిటర్ సరిగ్గా ఈ పనే చేస్తుంది, టెలిగ్రామ్‌కూ సందేశం పంపగలదు.

లైన్‌ను నింపుతున్నది ఎవరో తెలుసుకోవడానికి ఎన్‌టాప్‌ఎన్‌జీ ఉంది. హాస్టల్‌లో దాన్ని పెట్టవద్దనే చెబుతాను. అక్కడ ఉన్నవారు డబ్బు కట్టి ఉంటున్న పెద్దవాళ్ళు. ఎవరు ఏ సైటు చూస్తున్నారో తెలుసుకునే హక్కు మనకు లేదు. ఒక్కొక్కరికీ ఇంత వేగమని రూటర్‌లో పరిమితి పెడితే ఆ అవసరమే రాదు.

సందేహం: ఎలక్ట్రానిక్ సిటీలోని ఒక చిన్న కంపెనీలో నేనొక్కడినే సిస్టమ్ అడ్మిన్. అరవై కంప్యూటర్లు, రెండు సర్వర్లు, 24 పోర్టుల స్విచ్‌లు ఐదు. ఖర్చు లేని సాధనమే కావాలని యాజమాన్యం అంటోంది. ఏది నమ్మకమైనది?

సమాధానం: ఉచితం అన్నప్పుడు రెండు రకాలను వేరుచేసి చూడాలి. అమ్మే సాఫ్ట్‌వేర్‌కు పరిమితి పెట్టి ఇచ్చే ఉచిత ఎడిషన్ ఒకటి, సోర్స్‌కోడ్‌తో సహా అందరిదీ అయిన సాఫ్ట్‌వేర్ మరొకటి. పీఆర్‌టీజీ ఉచిత ఎడిషన్ పరిమితి వంద సెన్సర్లు. సెన్సర్ అంటే పరికరం కాదు, కొలిచే ఒక్కొక్క అంశం. మీ ఐదు స్విచ్‌ల పోర్టులే నూట ఇరవై. సర్వర్ల దాకా రాకముందే అది నిండిపోతుంది. చెన్నైలో తయారయ్యే ఆప్‌మేనేజర్ ఉచిత ఎడిషన్‌కు పరికరాల సంఖ్యపైనే పరిమితి. రెండూ మంచి ఉత్పత్తులే, మీ పరిమాణానికి మాత్రం డబ్బు కట్టి వాడవలసినవి.

మీకు జాబిక్స్ సరిపోతుంది. లాత్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషేవ్ దీన్ని 2001లో విడుదల చేశారు. 2024లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి సోర్స్‌కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే ఏజీపీఎల్ లైసెన్స్ కిందకు మారింది, పరికరాల పరిమితి ఏమీ లేదు. 1999లో నెట్‌సెయింట్‌గా మొదలైన నాగియోస్‌ను నేను గౌరవిస్తాను. కానీ దాని ఉచిత రూపంలో ప్రతి పరికరాన్నీ ఫైళ్ళలో రాసుకోవాలి, ఒక్కడే అడ్మిన్ ఉన్నచోట కొత్తగా మొదలుపెట్టడానికి అది భారమవుతుంది. ప్రొమీథియస్ అనే మరో సాధనం కంటైనర్లతో (ఒక్కో ప్రోగ్రామ్‌ను విడిగా మూటకట్టి సర్వర్‌లో నడిపే పద్ధతితో) పనిచేసేవారికి చక్కనిది. స్విచ్‌లే ఎక్కువగా ఉన్న మీకు కాదు.

జాబిక్స్‌లో ముందే వేసుకోవలసిన లెక్క డేటాబేస్‌ది. మూడు వేల అంశాలను నిమిషానికి ఒకసారి కొలిస్తే రోజుకు 43,20,000 విలువలు చేరతాయి; ఒక్కొక్కటి సుమారు 90 బైట్లు అనుకుంటే రోజుకు 390 మెగాబైట్లు, నెలకు దాదాపు 12 గిగాబైట్లు. డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందన్నది నిమిషానికోసారి అడగవలసిన ప్రశ్న కాదు. అలాంటివాటిని పదిహేను నిమిషాలకో గంటకో మార్చితే ఈ బరువు చాలా తగ్గుతుంది. టెంప్లేట్‌లో (జాబిక్స్ ముందే సిద్ధం చేసి ఇచ్చే కొలతల జాబితాలో) ఉన్నదంతా అలాగే ఉంచేయడమే కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు.

అంతకంటే పెద్ద ప్రమాదం హెచ్చరికల వరద. ప్రధాన స్విచ్ ఒక్కటి ఆగితే దాని వెనుక ఉన్న అరవై కంప్యూటర్లకూ అరవై సందేశాలు వస్తాయి, అసలుది వాటి మధ్య మునిగిపోతుంది. ట్రిగర్ డిపెండెన్సీ పెట్టి, పై స్విచ్ ఆగినప్పుడు కిందివాటి సందేశాలు రాకుండా చేయండి. ఒక్క పింగ్ పోగానే కాక మూడుసార్లు వరుసగా పోతేనే సందేశం పంపమనండి. మీరు లేచి చేయవలసిన పని ఏదీ లేని హెచ్చరిక ఏదైనా ఉంటే దాన్ని తీసేయండి. రెండు వారాల పాటు అనవసర సందేశాలు వస్తే మీరు వాటిని చదవడం మానేస్తారు, ఇక ఆ సాధనం ఉన్నా లేనట్లే.

భద్రత విషయంలో ఉదాసీనత వద్దు. గమనించే సర్వర్ దగ్గర అన్ని పరికరాల తాళాలూ ఉంటాయి. 2020 డిసెంబరులో బయటపడ్డ సోలార్‌విండ్స్ దాడి సరిగ్గా ఇలాంటి సాఫ్ట్‌వేర్ ద్వారానే జరిగింది. జాబిక్స్ పెట్టిన వెంటనే అడ్మిన్ ఖాతా మొదటి పాస్‌వర్డ్ మార్చండి, ఆ పేజీని ఇంటర్నెట్‌కు తెరవకండి, స్విచ్‌లలో ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 3 వాడండి. ఒక మాట యాజమాన్యానికీ చెప్పండి: కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ లాగ్‌లను (యంత్రాలలో జరిగినవాటి నమోదులను) 180 రోజులు ఉంచాలి. జాబిక్స్ గ్రాఫులు లాగ్‌లు కావు, వాటికి వేరే లాగ్ సర్వర్ కావాలి.

సందేహం: ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ పెడితే ఆఫీసు నెట్‌వర్క్ అంతా కనిపిస్తుందని మిత్రుడు చెప్పాడు. నిజమేనా?

సమాధానం: నిజం కాదు. స్విచ్ మీ పోర్టుకు మీ ప్యాకెట్లనూ, అందరికీ వెళ్ళే బ్రాడ్‌కాస్ట్‌లనూ మాత్రమే పంపుతుంది. మిగతావి చూడాలంటే అడ్మిన్ స్విచ్‌లో పోర్ట్ మిర్రరింగ్ (ఒక పోర్టు డేటా నకలును మరో పోర్టుకు పంపడం) చేయాలి, చేసినా లోపలి విషయం చాలావరకు టీఎల్‌ఎస్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఏ రెండు యంత్రాల మధ్య ఇబ్బంది ఉందో ముందే తెలిసినప్పుడు కారణం వెతకడానికి వైర్‌షార్క్‌ను మించినది లేదు. రోజంతా గమనించడానికి అది పనికిరాదు. ఆఫీసులో అనుమతి లేకుండా మాత్రం దాన్ని నడపకండి.