జావాకి ఎజ్డీ హెడ్డు వేయాలంటే

చి. శ్రీనుకి మామయ్య ఆశీస్సులు.

నీ జావా 250 హెడ్డులో (ఇంజన్ పైమూతలో) ప్లగ్గు థ్రెడ్డు పోయిందనీ, పాత సామాన్ల కొట్లో ఎజ్డీ రోడ్‌కింగ్ హెడ్డు దొరికిందనీ, స్టడ్లు నాలుగూ పడుతున్నాయి కాబట్టి బిగించేయొచ్చా అనీ అడిగావు. స్టడ్లు పడ్డాయంటే కన్నాలు సరిపోయాయని మాత్రమే. లోపల గిన్నె (మంట మండే గుంట), ప్లగ్గు పొడవు, పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య ఖాళీ, ఈ మూడూ కొలవకుండా కిక్ కొట్టకు.

అసలు థ్రెడ్డు పోయినంత మాత్రాన హెడ్డు మార్చక్కర్లేదు. మంచి లేత్ షాపులో 14 మి.మీ. ప్లగ్గుకి హెలికాయిల్ (కొత్త థ్రెడ్డు ఇచ్చే తీగచుట్ట) గానీ ఇత్తడి బుష్ గానీ వేస్తారు. బుష్ వేస్తే దాని కింది అంచు గిన్నెలోకి పొడుచుకు రాకూడదు. వస్తే ఆ అంచు ఎర్రగా కాలి, ప్లగ్గు కంటే ముందే మంట పెట్టేస్తుంది. నీ హెడ్డు ఫిన్నులు బాగుండి, పగుళ్లు లేకపోతే నా ఓటు దానికే. ఎజ్డీదే వేయాలనుకుంటే మిగతాది చదువు.

జావా 250కీ ఎజ్డీ 250కీ బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 65, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75 మి.మీ. పిస్టన్ కదిలే జాగా 248.9 సి.సి. ఈ రెండింటి మధ్య మార్పిడి గురించి ఆలోచించడానికైనా కారణం ఇదే. బోరు తేడా ఉన్నచోట ఆ ఆలోచనే వద్దు. యమహా ఆర్‌ఎక్స్ 100 బోరు 50, ఆర్‌ఎక్స్ 135 బోరు 58, రెండిటికీ స్ట్రోకు 50. వంద హెడ్డు తీసుకెళ్లి 135 మీద పెట్టావంటే చుట్టూ 4 మి.మీ. హెడ్డు బోరు మీదికి వస్తుంది, గిన్నె చిన్నదై కంప్రెషన్ విపరీతంగా పెరుగుతుంది, పిస్టన్ తగిలినా తగులుతుంది. 135ది వంద మీద పెడితే గ్యాస్కెట్ (హెడ్డు కింద వేసే రేకు) లోపలి అంచు మంటకి ఎదురుగా నిలబడి కాలిపోతుంది, బండికి పికప్ ఉండదు. పాత బుల్లెట్ 350, 500 సంగతీ అంతే: స్ట్రోకు 90 ఒకటే అయినా బోరు 70 ఒకదానిది, 84 ఇంకోదానిది.

ఇక నీ బండికి వద్దాం. ముందు పాత హెడ్డు విప్పకుండానే, థ్రెడ్డు పోయింది కాబట్టి రబ్బరు మూతి ఉన్న కంప్రెషన్ గేజ్ నొక్కి పెట్టి, యాక్సిలేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని, ఐదారు కిక్కులు కొట్టి అంకె రాసుకో. తర్వాత పాత హెడ్డుతోనే గిన్నె కొలువు. పిస్టన్‌ని సరిగ్గా పైకి, టీడీసీకి (అది ఎక్కే చివరి చోటికి) తీసుకురా. ప్లగ్గు కన్నం నిట్టనిలువుగా ఉండేలా బండిని వంచి ఆనించు. కిరసనాయిల్లో కాస్త టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ల నూనె) కలిపి, సూది లేని 50 మి.లీ. సిరంజితో పొయ్యి. ప్లగ్గు థ్రెడ్డు కింది చుట్టు దగ్గరికి రాగానే ఆపు. గాలి బుడగలు చిక్కుకుంటాయి, బండిని అటూ ఇటూ మెల్లగా కదుపు. మట్టం దిగిపోతుంటే రింగుల పక్కనుంచి కారుతోందన్నమాట. అలా అయితే హెడ్డు తీసి, పిస్టన్ అంచు చుట్టూ గ్రీజు రాసి, మళ్లీ బిగించి కొలువు. కొలత అయ్యాక లోపలి నూనెంతా సిరంజితో లాగెయ్యకుండా కిక్ కొట్టావో, కనెక్టింగ్ రాడ్ వంగొచ్చు.

పాతదానితో 38 సి.సి. వచ్చిందనుకో. 248.9కి 38 కలిపి 38తో భాగిస్తే 7.55, అదే కంప్రెషన్ నిష్పత్తి. ఎజ్డీ హెడ్డుతో 31 వస్తే అదే లెక్కన 9.03. చూడ్డానికి 7 సి.సి. తేడానే, కానీ పాత క్రాంకు బేరింగులకీ, ఆ కాలపు ఇనుప బోరుకీ అది చాలా పెద్ద తేడా. నీ పాత అంకె మీద అర పాయింటు దాటించకు. ఇంకోమాట, జపాన్ బళ్ల పుస్తకాల్లో టూ స్ట్రోక్ కంప్రెషన్ నిష్పత్తి ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్న దగ్గరనుంచి లెక్కేసి రాస్తారు, మనం ఇక్కడ పూర్తి స్ట్రోకు లెక్క వేశాం. ఆ అంకెలు ఈ అంకెలతో పోల్చి కంగారు పడకు.

తేడా ఎక్కువొస్తే చాలామంది మెకానిక్కులు రెండు గ్యాస్కెట్లు వేసేద్దాం అంటారు. 65 బోరు మీద 0.1 మి.మీ. మందం పెంచితే పెరిగేది 0.33 సి.సి. అంతే. 7 సి.సి. రావాలంటే 2 మి.మీ. పైన ఎత్తాలి. అంత ఎత్తితే అంచు దగ్గర స్క్విష్ (పిస్టన్ అంచు మిశ్రమాన్ని గిన్నె మధ్యకి నెట్టడం) పనిచేయదు, అక్కడ మిగిలిన మిశ్రమమే టింగుటింగుమని పేలుతుంది. కంప్రెషన్ తగ్గించినా ఆ నాకింగ్ పోలేదని తలపట్టుకుంటావు. పైగా రెండు రేకుల మధ్యనుంచి లీకు. గ్యాస్కెట్‌తో ఒకటి, ఒకటిన్నర సి.సి. సర్దుకో. అంతకు మించితే లేత్ మీద గిన్నె లోపల కోయించు, అదీ గిన్నె పైకప్పు పల్చబడనంత వరకే.

ఖాళీ కొలవడానికి మెత్తటి సోల్డరు తీగ, 2 మి.మీ. ది కొను. రెండు ముక్కలు కోసి, పిస్టన్ మీద గజన్ పిన్ను (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) వరుసలోనే ఎడమ అంచున ఒకటి, కుడి అంచున ఒకటి గ్రీజుతో అంటించు. ముందూ వెనకా పెడితే పిస్టన్ ఒరిగి తప్పు కొలత ఇస్తుంది. వేయబోయే గ్యాస్కెట్‌తోనే హెడ్డు పూర్తిగా బిగించి, కిక్ రాడ్‌ని చేత్తో నొక్కి టీడీసీ ఒక్కసారి దాటించు. విప్పి, నలిగిన చోట వెర్నియర్ పెట్టి చూడు. 1 నుంచి 1.2 మి.మీ. ఉంటే హాయిగా వెళ్లొచ్చు. 1 కంటే తగ్గితే ఒప్పుకోకు: ఇంజన్ వేడెక్కి, పాత బేరింగులు ఆడినప్పుడు ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది. రెండు వైపులకీ 0.15 కంటే తేడా ఉంటే హెడ్డో, బోరు పైభాగమో ఒరిగిందని అర్థం. గిన్నె అంచున చదును పట్టీ లేకుండా మొత్తం గుండ్రంగా ఉన్న హెడ్డయితే, తీగని బోరు అంచు దాకా పెట్టు, లేకపోతే నలగనే నలగదు.

ప్లగ్గు సంగతి. కన్నం 14 మి.మీ. ఒకటే అయినా పొడవు 12.7 ఉంటుంది, 19 ఉంటుంది. ఎన్‌జీకేలో హెచ్ అక్షరం 12.7, ఇ అక్షరం 19. పొట్టి కన్నంలో పొడుగు ప్లగ్గు పెడితే పిస్టన్‌కి తగలొచ్చు. పొడుగు కన్నంలో పొట్టిది పెడితే ఖాళీ థ్రెడ్డులో మసి గట్టిపడి తర్వాత సరైన ప్లగ్గు ఎక్కదు. వేడి నంబరు (ప్లగ్గు వేడిని ఎంత త్వరగా వదులుతుందో చెప్పేది) దగ్గర జాగ్రత్త: ఎన్‌జీకేలో నంబరు పెరిగితే చల్లటి ప్లగ్గు, ఇప్పటి బాష్‌లో తగ్గితే చల్లటిది, పాత మైకో డబ్ల్యూ 175, 225 వరుసలో మళ్లీ పెరిగితే చల్లటిది.

హెడ్డు మొహం చదునుగా ఉందో లేదో మందపాటి అద్దం మీద బోర్లించి చూడు. 0.05 ఫీలర్ దూరితే అదే అద్దం మీద 220 ఎమ్రీ, తర్వాత 400 పరిచి, కిరసనాయిలు పోసి, ఎనిమిది అంకె గీస్తున్నట్టు రుద్దు. బోరుకి పైకి లేచిన గట్టు ఉందా, హెడ్డులో దానికి తగ్గ గాడి ఉందా అన్నది డెప్త్ గేజ్‌తో చూడు. గ్యాస్కెట్ కూర్చునే మొహం ఒక్కటే ఆనాలి. గట్టు ముందే గాడి అడుగుకి ఆనిందంటే ఎంత బిగించినా బయట లీకే.

రాగి గ్యాస్కెట్‌ని మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో ముంచు, మెత్తబడుతుంది. మసి తుడిచి వెయ్యి. అల్యూమినియందయితే ఒకసారి వాడినది మళ్లీ వాడకు. హెడ్డు ఫిన్నులు గాలి వచ్చే దిక్కుకే ఉండాలి. నాలుగు స్టడ్లు కదా అని అడ్డంగా కూడా కూర్చుంటుంది, అదే అసలు చిక్కు. మందపాటి వాషర్లు వేసి, నట్లు ఎదురెదురుగా బిగించు. స్టడ్డు 8 మి.మీ. ది అయితే మొదట 8, తర్వాత 15, చివర 20 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో పానా వేసి లాగావో, కేసింగ్‌లోంచి స్టడ్డు ఊడొస్తుంది.

స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు నడవనిచ్చి ఆపు. పూర్తిగా చల్లారాక నట్లు మళ్లీ చూడు, కొంచెం తిరుగుతాయి. ఇలా రెండుసార్లు. సబ్బు నీళ్లు రాస్తే లీకున్నచోట బుడగలొస్తాయి. తర్వాత గేజ్ పెట్టి పాత అంకెతో పోల్చు. 20 పీఎస్‌ఐ మించి పెరిగితే కార్బురేటర్‌లో మెయిన్ జెట్ ఒక సైజు పెంచు, టైమింగ్ కాస్త వెనక్కి జరుపు. మొదటి వంద కిలోమీటర్లు సగం యాక్సిలేటరు దాటకు. ఆ తర్వాత కాస్త దూరం గట్టిగా లాగించి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పు. తెల్లటి పింగాణీ మీద మెరిసే సన్నటి చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్‌లోంచి వచ్చిన అల్యూమినియమే. బండి అక్కణ్ణించి ఆటోలోనే ఇంటికి తీసుకురా.

ముందు రెండు హెడ్ల గిన్నె కొలతలూ, తీగ మందమూ, గేజ్ అంకే కాగితం మీద రాసి పంపు. అవి చూశాకే లేత్ షాపుకి వెళ్లాలో వద్దో చెప్తాను.

ఇట్లు,
మామయ్య