కంటి స్కాన్ రిపోర్టులో ఎర్రగా కనిపించిన చోటల్లా జబ్బు ఉన్నట్టేనా?

మిర్యాలగూడలో మీ నాన్నగారి కంటి ఫోటోను కంప్యూటర్ పరిశీలించి, షుగర్ వల్ల రెటీనా (కంటి లోపల వెనుకవైపు ఉండే, చూపుకు ఆధారమైన పొర) దెబ్బతిన్నదని చెప్పిందని, దానితోపాటు ఇచ్చిన రంగుల పటంలో ఎర్రగా ఉన్న చోటల్లా జబ్బు ఉన్నట్టేనా అని అడిగారు. అలా అనుకోనక్కరలేదు. నల్గొండ జిల్లా కంటి శిబిరాలలో ఫోటోలు తీసే పని నాది కనుక, ఆ పటాన్ని మేము ఎలా చదువుతామో చెబుతాను.

యంత్రం తన నిర్ణయానికి ఫోటోలోని ఏ భాగం మీద ఎక్కువగా ఆధారపడిందో మాత్రమే ఆ ఎరుపు తెలుపుతుంది. గ్రాడ్‌క్యామ్ వంటి పద్ధతులు గీసే పటం ముతకగా ఉంటుంది కాబట్టి, సన్నని రక్తపు చుక్క ఒక్కటి ఉన్నా దాని చుట్టుపక్కలంతా ఎర్రబడవచ్చు. అందుకే రంగు తీసేసి, అసలు ఫోటోలో అదే చోట ఏముందో చూడాలి. దేవరకొండ వైపు ఒక శిబిరంలో ఒక పెద్దావిడ ఫోటోకు కింది అంచంతా ఎర్రగా వచ్చింది. రంగు తీసి చూస్తే అక్కడున్నది కనురెప్పల వెంట్రుకల నీడ. చుక్కల మందు వేసి, కనుపాప విప్పారాక మళ్లీ తీస్తే, ఎరుపు మాక్యులా (రెటీనా నడుమ స్పష్టమైన చూపునిచ్చే భాగం) పక్కకు జరిగింది, అక్కడ పసుపుపచ్చని కొవ్వు మరకలు స్పష్టంగా కనిపించాయి. రెండుసార్లూ రిపోర్టు చెప్పింది ఒకటే, ఆధారం మాత్రం వేరు. పటం లేకుంటే ఈ తేడా బయటపడేది కాదు.

అయితే అదే పటం చూసేవారిని తప్పుదారి కూడా పట్టించగలదు. 2019లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, యంత్రం అంచనాతోపాటు పటాన్నీ చూసిన వైద్యులు జబ్బు ఉన్న కళ్లను మరింత బాగా గుర్తించారు గానీ, జబ్బు లేని కళ్ల విషయంలో వారి కచ్చితత్వం తగ్గింది. రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపే ఓసీటీ స్కాన్‌కు సంబంధించి 2018లో గూగుల్‌కు అనుబంధమైన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్, లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి కలిసి చూపిన దారి నాకు ఇంతకన్నా నచ్చుతుంది: అందులో యంత్రం మొదట రెటీనా పొరలను, నీరు చేరిన చోట్లను విడివిడిగా గుర్తించి, ఆ తరువాతే నిర్ణయానికి వస్తుంది కాబట్టి, ఎక్కడ పొరబడిందో వైద్యుడు వేలు పెట్టి చూపగలడు.

మీరు అసలు ఫోటోను కూడా అడిగి తీసుకుని, రెండింటినీ రెటీనా వైద్యుడికి చూపించండి. మాక్యులా దగ్గర మరకలు నిజంగానే ఉంటే, చూపు బాగానే ఉందని నాన్నగారు అన్నా ఆగవద్దు. ఓసీటీ తీయించాలేమో ఆ రోజే అడగండి.