అత్యవసర వైద్య సేవలకు ఏ డిగ్రీ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. 108 అంబులెన్స్ వంటి అత్యవసర వైద్య సేవల్లోనే పనిచేస్తానని పట్టుదలగా ఉంది. బీఎస్సీ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో చేర్చాలా, బీఎస్సీ నర్సింగ్ చదివించాలా? మామూలు బీఎస్సీ చదివినా తీసుకుంటారని బంధువులు అంటున్నారు.
– ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ బంధువుల మాటలో నిజం లేకపోలేదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైనప్పుడు ఈ పనికంటూ ప్రత్యేకంగా చదివినవారు అరుదు కాబట్టి, లైఫ్ సైన్సెస్ పట్టభద్రులకు శిక్షణ ఇచ్చి బండి ఎక్కించారు. ఆ తొలి తరం ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయితే 2021 నాటి అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును గుర్తించిన వృత్తుల్లో చేర్చి, ఆరోగ్య సంరక్షణ వృత్తుల డిగ్రీలకు కనీసం 3,600 గంటల చదువు ఉండాలని నిర్దేశించింది. అందువల్ల ఇప్పుడు చేరే అమ్మాయికి మామూలు బీఎస్సీని నేను సూచించను.

మిగిలిన రెండింటిలో ఏది మేలన్నది ఆమె రోగిని ఎక్కడ చూడాలనుకుంటోందన్న దానిపై ఆధారపడుతుంది. పాడేరు వైపు నుంచి విశాఖలోని కేజీహెచ్ ఆసుపత్రికి రోగిని తీసుకువచ్చే బండిలో పైలట్ (అంబులెన్స్ డ్రైవర్) స్టీరింగ్ దగ్గర ఉంటే, వెనుక ఆమె ఒక్కతే ఉంటుంది. ఘాట్ మలుపుల్లో ఊగుతున్న బండిలో ఒక చేత్తో మాస్కును రోగి ముఖానికి బిగించి పట్టుకొని, రెండో చేత్తో అంబు బ్యాగ్ (ఊపిరి అందించే చేతి సంచి) నొక్కుతూ, ఆక్సిజన్ శాతం పడిపోతోందేమో కనిపెట్టుకుంటూ, ఫోనులో డాక్టరు చెప్పేది విని చేయవలసి వస్తుంది. ఈ పని వార్డులో అబ్బదు. ఆమె మనసు నిజంగా దీనిమీదే ఉంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీయే సరైన చదువు.

నర్సింగ్‌ది విశాలమైన దారి. నాలుగేళ్లు చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యాక క్యాజువాలిటీ, ఐసీయూలలోనే కాక ఏ ఆసుపత్రిలోనైనా చేరవచ్చు. రాత్రి డ్యూటీలు, రోడ్డు ప్రమాదాలు చూశాక ఆమె మనసు మారుతుందేమోనన్న అనుమానం మీకు ఏమాత్రం ఉన్నా, నర్సింగే భద్రమని నా అభిప్రాయం. డాక్టరుగానే ఈ రంగంలోకి రావాలంటే నీట్, ఎంబీబీఎస్, ఆపై ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీ చేయాలి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు బోర్డు మీద ‘పారామెడికల్’ అని చూసి డబ్బు కట్టవద్దు. అది డిప్లొమానా, డిగ్రీనా, ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో కాగితం మీద చూడండి. చివరి సంవత్సరం విద్యార్థులను కలిసి, క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలు ఏ ఆసుపత్రిలో చేశారో, సూది, ఈసీజీ, గొట్టం వేయడం తామే చేశారా లేక పక్కన నిలబడి చూశారా అని నేరుగా అడగండి. ఇంటర్న్‌షిప్‌లో అంబులెన్స్ డ్యూటీ లేని కళాశాలలో ఫీజు ఎంత తక్కువైనా ఆమెను చేర్చవద్దు.