నిండా ఛార్జి చేసి బీరువాలో పెట్టిన బ్యాటరీ ఎందుకు ఉబ్బింది?

వరి కోతలయ్యాక మందు కొట్టే డ్రోన్‌లు మూలకు చేరతాయి. ఈ నెల నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ వాటి బ్యాటరీల గురించే.

ప్ర: అయ్యా, మాది 10 లీటర్ల డ్రోన్. కోతలు మొదలవగానే రెండు జతల బ్యాటరీలనూ నిండా ఛార్జి చేసి, రేకుల గదిలో ఇనుప బీరువాలో పెట్టాం. జూన్‌లో తీస్తే నాలుగింటిలో మూడు దిండుల్లా ఉబ్బి ఉన్నాయి. వాడకుండానే ఎందుకు చెడిపోయాయి? – ఒక రైతు, కోవూరు

జ: వాడకపోవడం వల్ల కాదు, నిండుగా ఉంచి వేడిలో పెట్టడం వల్ల. ఈ లిథియం పాలిమర్ ప్యాకుల్లో ఒక్కో సెల్ నిండితే 4.20 వోల్టులు ఉంటుంది. అంత వోల్టేజీలో సెల్ లోపలి ద్రావణం కొంచెం కొంచెంగా విరిగిపోతూ వాయువు వదులుతుంది. వేడి తోడైతే అది ఇంకా వేగంగా జరుగుతుంది. సెల్‌కు పై తొడుగు పలచటి అల్యూమినియం సంచి. వాయువు బయటికి పోయే దారి లేదు కాబట్టి సంచి ఉబ్బుతుంది. రోహిణి కార్తెలో బయట 43 డిగ్రీలుంటే రేకుల కింద, అదీ మూసిన బీరువాలో, ఎంతుంటుందో మీకు తెలిసిందే.

ఎత్తిపెట్టే బ్యాటరీ సగానికి కాస్త పైన ఉండాలి. సెల్‌కు 3.80 నుంచి 3.85 వోల్టులు, అంటే ఆరు సెల్‌ల ప్యాకుకు 22.8 నుంచి 23.1. రెండు మూడు రోజుల్లో వాడే పని లేదంటే ఈ స్థాయికి దించేయండి. ఎండాకాలంలో ఆ రెండు రోజులు కూడా ఎక్కువే.

ఇక్కడే చాలామందికి ఒక చిక్కు వస్తుంది. ఛార్జర్‌లో ప్యాకును ఈ స్థాయికి తెచ్చే స్టోరేజ్ మోడ్ ఉంటుంది, కానీ చాలా ఛార్జర్లు 30 వాట్ల చొప్పున మాత్రమే ఖాళీ చేయగలవు. 22,000 ఎంఏహెచ్ ఆరు సెల్‌ల ప్యాకులో నిండుగా ఉన్నప్పుడు దాదాపు 490 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. అందులో సగం దించాలంటే ఎనిమిది గంటలు పడుతుంది. విసుగొచ్చి అలాగే వదిలేస్తారు. దానికంటే సీజన్ చివరి రోజు సాయంత్రం అసలు ఛార్జే చేయకండి. అప్పటికే నిండి ఉంటే ట్యాంకులో మంచినీళ్లు పోసి ఖాళీ పొలం మీద ఎగరేయండి. దించాక పది నిమిషాలు ఆగి వోల్టేజీ చూడండి. ఎగరడం ఆగగానే చూస్తే తక్కువ చూపిస్తుంది, అది నిజమైన అంకె కాదు. 30 శాతానికి పడిపోయిన ప్యాకును అలాగే ఉంచకుండా స్టోరేజ్ మోడ్‌లో పెట్టి పైకి తెచ్చుకోండి. ఇది త్వరగానే అవుతుంది.

పెట్టే చోటు శ్లాబు గది అయితే మేలు. కింది అంతస్తు, గాలి ఆడే మూల, మనుషులు పడుకోని గది. గడ్డివాము, గోనెసంచుల పక్కన వద్దు. పురుగుమందుల గదిలో అసలే వద్దు. నీళ్లలో కలిపితే పాలలా మారే మందుల్లో చాలావాటికి ఆధారం మండే ద్రావకమే. నేల మీద మార్కాపురం పలకరాయో సిమెంటు ఇటుకలో పరిచి, ప్యాకుకీ ప్యాకుకీ మధ్య జానెడు దూరం వదలండి. ఇనుప పెట్టె వాడితే మూత బిగించి గడియ వేయకండి. లోపల పొగ పుడితే పెట్టే పేలుతుంది. ఒక్కో సెల్ నుంచి వచ్చే సన్నటి బ్యాలెన్స్ వైర్లను ఎలుకలు కొరకకుండా పెట్టెకు ఇనుప జాలీ పెట్టండి. రెండు వైర్ల తొడుగు పోయి రాగి రాగి తగిలితే ఛార్జర్‌కు తగిలించకపోయినా షార్ట్ అవుతుంది.

ప్రతి ప్యాకు మీదా మార్కర్‌తో నంబరు, కొన్న నెల రాయండి. నెలకొకసారి సెల్ సెల్‌కూ వోల్టేజీ చూసి, 3.70 కిందకి వచ్చిన దాన్ని 3.80కి తెచ్చుకోండి. ఉబ్బిన ఆ మూడింటినీ మాత్రం ఇక ఛార్జి చేయకండి. గట్టిగా పట్టీ కట్టి వాడుకోవచ్చని చెప్పేవాళ్లుంటారు, వినకండి. సంచి లోపల పొరలు విడిపోయాక పైన ఎంత బిగించినా అవి అతుక్కోవు.

ప్ర: మా మహిళా సంఘానికి నమో డ్రోన్ దీదీ పథకంలో డ్రోన్ వచ్చింది. పొలం గట్టు మీదే జనరేటర్‌తో ఛార్జి చేసుకుంటున్నాం. బ్యాటరీలు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి, ఛార్జర్ మధ్యలో ఆగిపోతోంది. ఏం చేయాలండీ? – సంఘం సభ్యులు, దర్శి

జ: ఎగిరి దిగిన బ్యాటరీని వెంటనే ఛార్జర్‌కు తగిలించడం వల్ల వచ్చే బాధ ఇది. నీడలో, గాలికి 20 నుంచి 30 నిమిషాలు వదలండి. అరచేయి ఆనించి హాయిగా ఉంచగలిగితేనే ఛార్జింగ్. 45 డిగ్రీలు దాటిన ప్యాకుకు ఛార్జి ఎక్కించకూడదు. తడిగుడ్డ చుట్టడం, నీళ్లు చల్లడం వద్దు.

ఛార్జింగ్ వేగం 1సీ, అంటే గంటలో నిండే వేగం, దాటకూడదు. 22,000 ఎంఏహెచ్ ప్యాకుకు 22 ఆంపియర్లు అన్నమాట. 30 శాతంలో దించితే 45 నిమిషాలు అటూ ఇటూ పడుతుంది. రెండు చానళ్ల ఛార్జర్ ఒకటే ఉంటే, ఎన్ని జతలున్నా ముప్పావు గంటకు ఒక జతే తయారవుతుంది. తొందరపడి ఆంపియర్లు పెంచితే ఆ తొందరంతా వేడిగా మారుతుంది. అందుకని ముందురోజు సాయంత్రం మనిషి దగ్గరుండి అన్ని జతలూ నింపుకుని, తెల్లవారుజామున గాలి లేవకముందే వాటితో పని చాలించేలా ఎకరాలు ఒప్పుకోండి. రాత్రి ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం మాత్రం వద్దమ్మా.

ఛార్జర్ ఆగిపోవడం కరెంటు సరిపోక కావచ్చు. రెండు చానళ్లూ 22 ఆంపియర్లతో నడిస్తే ఛార్జర్ సుమారు 1,300 వాట్లు లాగుతుంది. 2 కేవీఏ జనరేటర్‌కు అది దాదాపు నిండు భారం. 3 కేవీఏ ఉంటే నిబ్బరంగా నడుస్తుంది. ఇంటి దగ్గరైతే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెట్టకండి. వోల్టేజీ 180కి పడితే ఛార్జర్ 7 ఆంపియర్ల పైన లాగుతుంది, ప్లగ్గు కరుగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి, చుట్ట విప్పి పరచండి.

ప్రతిసారీ బ్యాలెన్స్ వైరు తగిలించే ఛార్జి చేయండి. అయ్యాక సెల్‌ల మధ్య తేడా 0.03 వోల్టుల లోపుంటే మంచిది, 0.1 దాటితే ఆ ప్యాకును పక్కన పెట్టండి. ఎన్ని ఎంఏహెచ్ ఎక్కిందో కూడా చూడండి. 17,600, అంటే 80 శాతం, దాటిందంటే పొలంలో మరీ ఎక్కువసేపు ఎగరేశారని అర్థం.

ప్ర: ఒక సెల్ 2.4 వోల్టులకు పడిపోయింది, ఛార్జర్ తీసుకోవడం లేదు. నికెల్ బ్యాటరీ మోడ్‌లో రెండు నిమిషాలు పెడితే లేస్తుందంటున్నారు. – ఆత్మకూరు, నెల్లూరు జిల్లా

జ: లేస్తుంది, అదే ప్రమాదం. బాగా అడుగంటిన సెల్‌లో లోపలి రాగి రేకు కరిగి ద్రావణంలో కలుస్తుంది. మళ్లీ ఛార్జి ఎక్కిస్తే ఆ రాగి ముళ్లలా పేరుకుని లోపలే షార్ట్ చేయగలదు. ఛార్జర్ వద్దన్నది మిమ్మల్ని కాపాడటానికే. ప్యాకును వదులుకోండి.

ప్ర: బ్యాటరీ తగిలించేటప్పుడు టప్పున నిప్పురవ్వ వస్తోంది. కనెక్టర్ నల్లబడి, అంచున పచ్చగా చిలుము కడుతోంది. – కొత్తపట్నం

జ: రవ్వ డ్రోన్‌లోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండటం వల్ల వస్తుంది. యాంటీ స్పార్క్ కనెక్టర్ వేయించుకోండి, అందులోని చిన్న రెసిస్టర్ ముందుగా మెల్లగా నింపుతుంది. చిలుము సముద్రపు గాలి పుణ్యం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి, వాడనప్పుడు టోపీలు పెట్టండి. గుంతలు పడిన కనెక్టర్ గీకితే బాగుపడదు. మార్పించేటప్పుడు ప్లస్, మైనస్ వైర్లను ఒకేసారి కత్తిరించకూడదు, ఒకటి అతికి తొడుగు వేశాకే రెండోది.

ప్ర: పెళ్లిళ్లకు వాడే కెమెరా డ్రోన్ బ్యాటరీలను ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? – కావలి

జ: వద్దు. బయటికి తీయగానే తేమ పట్టి లోపలి సర్క్యూట్ పాడవుతుంది. చల్లటి గది చాలు.

ప్ర: బ్యాటరీ అంటుకుంటే ఇసుక పోయాలా, నీళ్లా? పాతవి ఉప్పునీళ్లలో వేసి చెత్తలో పారేయొచ్చా? – టంగుటూరు

జ: ముందు మనుషులు బయటికి. ఆ పొగ ఊపిరితిత్తులను కాల్చే విషం, పొగ వీచే వైపు నిలబడకండి. మెయిన్ స్విచ్ ఆపండి. 101కి ఫోన్ చేయండి. దూరం నుంచి నీళ్లు పోయగలిగితే ధారాళంగా పోస్తూనే ఉండండి. సెల్ లోపలే ఆక్సిజన్ పుడుతుంది కాబట్టి గాలి ఆడకుండా చేస్తే ఆరదు, చల్లబడితేనే పక్క సెల్‌కు పాకదు. ఇసుక మంట చిమ్మకుండా ఆపుతుంది, చల్లబరచదు. పొడి చిమ్మే అగ్నిమాపక సిలిండర్ మంటను అణచినా మళ్లీ రాజుకుంటుంది. ఆరిన ప్యాకునూ, నేలకు గట్టిగా కొట్టుకున్న ప్యాకునూ ఒక రోజంతా ఇంటికి 50 అడుగుల దూరంలో ఆరుబయటే ఉంచండి.

ఉప్పునీళ్లు కనెక్టర్లను తినేస్తాయి, లోపల ఛార్జి మిగిలిపోతుంది. బ్యాటరీ చల్లగా ఉండి, చిల్లు పడకుండా, తియ్యటి ఘాటు వాసన రాకుండా ఉంటేనే ఇలా చేయండి: 12 వోల్టుల 55 వాట్ల హెడ్‌లైట్ బల్బులు రెండు వరసగా కలిపి ఆరు సెల్‌ల ప్యాకుకు తగిలించండి. ఆరుబయట, బల్బుల దగ్గర గడ్డి లేకుండా చూడండి. నిండు ప్యాకు ఖాళీ కావడానికి ఐదు గంటలు పడుతుంది. వెలుగు పూర్తిగా పోయాక కనెక్టర్లకు టేపు చుట్టి, కొన్నచోటే అప్పగించండి. పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులది, దిగుమతిదారులది. వాసన వస్తున్న ప్యాకును మాత్రం కదపకుండా, దాన్ని అమ్మినవాళ్లకు కబురు చేయండి.