బ్యాచ్ ఆప్షన్ తీసేసే ముందు

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

డీటీపీలో వాడే పాత అను ఫాంట్ల మేటరుని ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే నీ పైథాన్ టూల్‌లో, ఫోల్డరంతా ఒకేసారి మార్చే "బ్యాచ్" ఆప్షన్ ఎవరూ వాడట్లేదు, తీసేద్దామా అని అడిగావు. ఎవరూ వాడట్లేదని నీకు ఎలా తెలిసిందో ముందు అది చూద్దాం.

ప్రోగ్రామర్లు కోడు పంచుకునే గిట్‌హబ్‌లో వెతికితే కనపడలేదన్నావు. కనపడదు. అది వాడేది శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో పెళ్లికార్డులు, కరపత్రాలు కంపోజ్ చేసే డీటీపీ షాపులవాళ్లు. ఎవరో కమాండ్లు రాసి పెట్టిచ్చిన బ్యాట్ ఫైలు డెస్క్‌టాప్ మీద ఉంటుంది, దాన్ని డబుల్ క్లిక్ చేస్తారు, పనైపోతుంది. అది నడిచినన్నాళ్లూ వాళ్ల నుంచి నీకు ఒక్క మాటా రాదు. పైథాన్ ప్యాకేజీలు దింపుకునే సైటు పైపీఐలో కనపడే డౌన్‌లోడ్ల అంకెనీ నమ్ముకోకు. మిర్రర్లూ (నకలు సైట్లు), కోడుని వాటంతట అవే పరీక్షించే సీఐ మెషీన్లూ దాన్ని పెంచేస్తాయి. ఒకసారి దింపుకుని పెన్‌డ్రైవ్‌తో నాలుగు సిస్టముల్లో వేసుకున్న షాపేమో ఒక్కటిగానే లెక్కకొస్తుంది. ఏ ఆప్షన్ వాడారన్నది అందులో అసలే ఉండదు.

కాబట్టి రెండు ఊళ్లలో ఓ పది షాపులు తిరుగు. "బ్యాచ్ వాడతారా?" అని అడిగితే ఆ పేరు వాళ్లకి తెలియదు. ఆ బ్యాట్ ఫైలు చూపించమని నోట్‌ప్యాడ్‌లో తెరువు. అందులో ఆ ఆప్షన్ ఉందో లేదో నువ్వే చూసుకో.

ఇక దాన్ని ఉంచితే నీకయ్యే ఖర్చెంతో చూడు. కోడు మార్పుల చిట్టా అయిన గిట్ లాగ్‌లో గత రెండేళ్ల కమిట్లలో (నమోదైన మార్పుల్లో) కేవలం ఆ ఆప్షన్ కోసం చేసినవి ఎన్నో లెక్కపెట్టు. రెండో మూడో అయితే ఆ కోడు నీకు బరువు కాదు. చూడ్డానికి బాగోలేదని తీసేయడం తప్పు. సెక్యూరిటీ లోపం ఉన్నా, అది ఆధారపడ్డ లైబ్రరీని చూసుకునేవాళ్లు లేకపోయినా, వేరే మార్పుకి ప్రతిసారీ అడ్డొస్తున్నా, ఫలితం తప్పు వస్తున్నా అప్పుడు తీయొచ్చు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నల్‌లో ఇంటెల్ వాళ్ల పాత 386 ప్రాసెసర్ మద్దతు 2013లో 3.8 వెర్షన్‌తో పోయింది. వాడేవాళ్లు తగ్గిపోయారన్నది ఒక్కటే కారణం కాదు, మల్టీప్రాసెసర్ కోడులో ఏది మార్చబోయినా ఆ పాత చిప్ అదనపు పని పెట్టేది.

తప్పు ఫలితం సంగతి తేల్చడానికి "శ్రీకాకుళం" అన్న మాటే చాలు. పాత ఫాంట్లలో అక్షరం ముక్కలు కంటికి కనిపించే తీరుని బట్టి పేర్చి ఉంటాయి. యూనికోడ్‌లో మాత్రం "శ్రీ" అన్నది శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే వరుసలోనే రావాలి. మాట మొత్తానికి 10 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో ముక్కకి ఇచ్చిన సంకేతాలు). బ్యాచ్ దారిలోనూ, దాని బదులు వాడమనబోయే కొత్త ఫంక్షన్‌లోనూ అవే 10, అదే వరుసలో వస్తే ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లించడం తేలిక. రాకపోతే ముందు అది సరిచెయ్యి, తీసేసే మాట తర్వాత.

తీయాలనే తేలితే బేగి కానిచ్చేద్దామని చూడకు. పైథాన్ వాళ్లు స్టాండర్డ్ లైబ్రరీలోంచి 19 మాడ్యూళ్లు తీయడానికి 2022 అక్టోబరు (3.11 వెర్షన్) నుంచి 2024 అక్టోబరు (3.13) దాకా ఆగారు. నువ్వు ఏడాదైనా ఆగాలి, ఆ ఏడాదిలో పెళ్లిళ్ల సీజనూ, అరసవల్లి రథసప్తమీ, ఇక్కడి సిరిమానోత్సవమూ అన్నీ రావాలి. షాపుల్లో పని ఎక్కువుండే రోజులవే.

బ్యాచ్ తీసేయబోతున్నావన్న వార్నింగ్ ఎక్కడ పెడతావన్నది చాలా ముఖ్యం. "ఇది పోబోతోంది" అని కోడు రాసేవాళ్లకి చెప్పే డిప్రికేషన్‌వార్నింగ్‌ని పైథాన్ మామూలుగా చూపించదు, నేరుగా నడిపిన మెయిన్ స్క్రిప్టులో పుడితే తప్ప. వాడేవాళ్ల కోసం ఉన్న ఫ్యూచర్‌వార్నింగ్ అయితే చూపిస్తుంది. అదైనా డబుల్ క్లిక్‌తో తెరుచుకున్న నల్ల కిటికీలో ఒక్క క్షణం మెరిసి పోతుంది, చదివేవాడుండడు. అందుకే మార్చిన ఫైళ్ల పక్కనే "ముందు ఇది చదవండి" అనే టెక్స్ట్ ఫైలు తెలుగులో రాసిపెట్టించు, అందులో నీ ఫోను నంబరు వెయ్యి. మార్చిన మేటరులోకి మాత్రం ఒక్క అక్షరం వార్నింగు పోకూడదు, పోతే అది పెళ్లికార్డు మీద అచ్చవుతుంది.

నీ టూల్ 2.4 వెర్షన్‌లో ఈ వార్నింగ్ పెట్టు. 2.5లో "పాతదే కావాలి" అని ఇంకో ఆప్షన్ చేరిస్తేనే బ్యాచ్ నడిచేలా చెయ్యి. నోరెత్తనివాళ్లు ఎవరో అప్పుడు బయటపడతారు, ఎంతమంది ఫోను చేశారో రాసుకో. 3.0లో తీసెయ్యి, కానీ పేరు తుడిచెయ్యకు. నీ టూల్‌లో "బ్యాచ్ సైజ్" కూడా ఉంది కదా, కమాండ్‌లోని ఆప్షన్లు చదివే పైథాన్ లైబ్రరీ ఆర్గ్‌పార్స్ మామూలుగా ముక్క పేరు ఇచ్చినా ఒప్పుకుంటుంది, అందుకే "బ్యాచ్" పోయిన మరుక్షణం దాన్ని "బ్యాచ్ సైజ్"కి ముక్క పేరనుకుని ఫోల్డరు పేరుని అంకెగా చదవబోతుంది. షాపతనికి అర్థంకాని ఎర్రర్ వస్తుంది. ఆ పేరుని హెల్ప్‌లో కనపడకుండా ఉంచి, పిలిస్తే కొత్త కమాండ్ ఎలా రాయాలో చెప్పి ఆగిపోయేలా చెయ్యి. పైపీఐలో 2.x ఫైళ్లు చెరపకు.

నాకైతే ఇప్పటికి ఉంచడమే సరైనదనిపిస్తోంది. షాపులు తిరిగొచ్చాక ఆ బ్యాట్ ఫైళ్లలో ఏముందో రాసి పంపు, కలిసి చూద్దాం.

అమ్మని అడిగానని చెప్పు.

మీ మావయ్య